కొండ లేని ఊళ్ళో వాలు పాఠం

సుగుణక్కకు,

నీ చెల్లెలు వాణి చేతులెత్తి మొక్కి రాస్తున్నది. మాల్దీవుల్లోని ఈ చిన్న దీవిలో నేను కులాసాగానే ఉన్నాను. చిత్తూరులో నువ్వు, బావ, చిన్ని, అమ్మ అందరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నూనె నిజంగా రాసుకుంటోందా, లేక సీసా గూట్లో పెట్టి రాసుకున్నానని నీకు చెబుతోందా? నువ్వు ఒకసారి సీసా ఎత్తి చూడు.

క్షేమం అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ‘ఆ మాట అందరూ రాస్తారు, తింటాండావో లేదో అది సెప్పు’ అంటావు. తింటున్నాను అక్కా, బాగానే తింటున్నాను. ఇక్కడ చేప లేని వంట లేదు, పొద్దున పలహారంలో కూడా చేపే. నేను తిననంటే మా ఇంటావిడ మొదట్లో నాకేదో జబ్బనుకుంది. మా ఇంట్లో తాతల నాటి నుంచి ఎవరూ తినరని చెప్పాక జాలిపడి, రోజూ ఒక కొబ్బరికాయ కొట్టి నా గుమ్మంలో పెట్టి పోతోంది. పప్పు, కొబ్బరి, బొప్పాయి, అన్నం. ఆవు అనేది ఈ ఊళ్ళో లేదు కాబట్టి పాలపొడితోనే కాఫీ. రాగిసంగటి, అందులో నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి మాత్రం తలచుకోకూడదు, తలచుకుంటే ఆ పూట అన్నం దిగదు.

రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాం కదా, మళ్ళీ ఉత్తరమెందుకని బావ అడుగుతాడు. ఫోన్లో నేను చెప్పేది సగం గాలికి పోతుంది. మిగతా సగం అమ్మ ‘ఏందమ్మే, ఇనబళ్ళేదు’ అనడంతో సరిపోతుంది. మా బళ్ళో ఫిజిక్స్ చెప్పే మునిరత్నం సార్ సెలవు మీద బంగారుపాళ్యం వస్తున్నాడు. మన జిల్లా మనిషి, మామిడితోటల వాళ్ళు. ఆయన చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చదివి వినిపించు.

వానలు మొదలయ్యాయి. మన వాన తూరుపునో పడమరనో మబ్బు పట్టి, చెప్పి వస్తుంది. ఇక్కడి వానకు ఆ మర్యాద లేదు. ఆరేసిన చీర తీసేలోపు తడిపేసి, నేను తిట్టడం మొదలుపెట్టేసరికి ఆగిపోతుంది. ఎటు చూసినా సముద్రమే. ఊరంతా అరచేయిలా చదును. బడి డాబా ఎక్కితే ఊరు మొత్తం కనిపిస్తుంది, ఇక చూడటానికి ఏమీ మిగలదు. పుట్టినప్పటి నుంచి మన తిరుపతి ఇంట్లో వీధి గుమ్మంలో నిలబడితే ఏడుకొండలు కనిపించిన మనిషిని నేను. మొదటి నెలలో పొద్దున లేచి తలుపు తీయగానే కళ్ళు వాటంతటవే పైకి పోయేవి. అక్కడ ఏమీ ఉండదు. ఉత్త ఆకాశం. ఎంత దిగులేసేదో నీకు చెప్పలేదు, చెబితే నువ్వు అన్నం మానేస్తావని.

ఇప్పుడు నా బడి సంగతి మొదటి నుంచి చెబుతాను, ఫోన్లో ముక్కముక్కలుగానే చెప్పాను. ఇక్కడ బడి చదువు చివర్లో లెక్కలకు రెండు రకాల పరీక్షలున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది రాసినవాళ్ళకే పైన సైన్సు చదువులు. ఎవరు ఏది రాయాలో తొమ్మిదో తరగతిలోనే తేల్చేస్తారు. నాకిచ్చిన తొమ్మిదో తరగతిని నేను రాకముందే మొత్తంగా చిన్న పరీక్షకు రాసిపెట్టేశారు. లెక్కల విభాగానికి పెద్ద హవ్వా మేడమ్ అని ఈ ఊరావిడే. నవ్వదు, అరవదు, కళ్ళద్దాల మీద నుంచి చూస్తుందంతే. ‘సరళరేఖల పాఠం అయ్యాక నేనే పరీక్ష పెడతాను. అందులో నిలబడితే పెద్ద పరీక్షకు. లేకపోతే లేదు’ అని చెప్పేసింది.

ఆ తరగతిలో షిఫా అని ఒక పిల్ల ఉంది. సముద్రం మీద దిగే చిన్న విమానాలు రోజూ మా బడి మీదుగా పోతుంటాయి. వాటిని నడపాలని దాని కోరిక. నేను చేరిన మొదటి వారమే వచ్చి, ‘మిస్, పైలట్ కావాలంటే పెద్ద పరీక్షే రాయాలట. మేం రాయగలమా?’ అని అడిగింది. రాయగలరు అనేశాను. నా నోటి తొందర నీకు తెలుసు కదా.

ఇక పాఠానికి పిల్లలు చదవాల్సిన పేజీలు ఏవో, నెట్లో చూడాల్సినవి ఏవో నన్నే ఎంచుకోమంది హవ్వా మేడమ్. నీకు ఇది కొత్తగా ఉంటుంది. నువ్వు ప్రభుత్వం ఇచ్చిన పుస్తకం, సుద్దముక్క, నీ గొంతు, ఈ మూడింటితోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చావు. ఇక్కడ ఏది కావాలన్నా మనమే ఏరుకోవాలి. బళ్ళో ఉన్న పుస్తకం తెరిస్తే వాలు అనే మాట దగ్గర కాళ్ళకు కర్రలు కట్టుకుని మంచుకొండ మీద జారుతున్న మనుషుల బొమ్మ. మంచు చూడలేదు, కొండ చూడలేదు ఈ పిల్లలు. అది పనికిరాదని పక్కన పెట్టాను. నెట్లో వెతికితే వాలు మీద వీడియోలు వానకాలం ఉసిళ్ళలా వచ్చిపడ్డాయి. ఒకాయన మంచి మాస్టారే కానీ ఆయన ఇంగ్లీషు వేగానికి నేనే రెండుసార్లు ఆపి వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. ఇంకో దాంట్లో ఒక గీతకు కళ్ళూ ముక్కూ పెట్టి పాట పాడించారు. అది తొమ్మిదో తరగతికి చూపిస్తే నా పరువు పోతుంది. సమీకరణంలో అంకె మారిస్తే గీత దానంతటది లేచి వంగే వెబ్‌సైటు ఒకటి నాకు బాగా నచ్చింది. కానీ ఊరంతా ఫుట్‌బాల్ చూస్తుంటే అది తెరుచుకోదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇలా వెతుకుతూ ఉంటే, ఎవరో బస్సు ముందు అద్దంలోంచి తీసిన మన కొండ దారి వీడియో కనిపించింది. ఘాట్ రోడ్డు అక్కా! అలిపిరి దాటి బస్సు ఎక్కుతుంటే పక్కన ఆ పిట్టగోడ, లోయలో చెట్లు, ఎదురుగా మలుపు. నాయన కొండ మీద ఆఫీసులో పనిచేసేటప్పుడు సెలవు రోజుల్లో మనిద్దరినీ వెంటబెట్టుకుని పోయేవాడు కదా. నాకు మలుపుల్లో కడుపులో తిప్పుతుందని ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకోమనేవాడు. ‘వాసన సూడమ్మా, ఇంగొక్క మలుపే ఉండాది’ అని ప్రతి మలుపు దగ్గరా అదే మాట చెప్పేవాడు. నువ్వు పడీపడీ నవ్వేదానివి. ఆ వీడియో చూస్తుంటే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. నాయన పోయి ఇన్నేళ్ళయినా ఆ మాట చెవిలోనే ఉంది.

వాలు అంటే ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంటుందా అనుకున్నాను. తిరుపతిలో పుట్టిన ఎవరినైనా అడుగు, వాలు అంటే ఘాట్ రోడ్డే చెబుతారు. పొద్దున్నే లేచి, నెట్ నిమ్మళంగా ఉన్నప్పుడు దించుకుని బడికి తీసుకుపోయాను.

ఆ రోజు క్లాసు ఎంత బాగా జరిగిందో! పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. కోతులను చూసి కేకలు పెట్టారు. నేను నిమ్మకాయ సంగతి చెప్పాను, నాయన మాట చెప్పాను, మెట్లదారిలో ఆడవాళ్ళు ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కడం చెప్పాను. చివర్లో, ‘చూశారా, బస్సు ఎలా పైకి పోతోందో, అదే వాలు’ అని ముగించాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నా అంత టీచరు లేదనుకుంటూ ఇంటికి వచ్చాను.

వారం తిరగ్గానే హవ్వా మేడమ్ ముందుగా ఒక స్లిప్ టెస్టు పెట్టింది. ఇచ్చిన వాలుతో ఒక సరళరేఖ గీయమంటే, దాదాపు క్లాసంతా వంకర్లు గీశారు. ఇటు తిరిగి అటు తిరిగి పైకి పోయే వంకర్లు! ఒకడు పిట్టగోడ కూడా గీశాడు, పక్కన కోతి. వాలు అంటే ఏమిటని అడిగిన చోట షిఫా ఏం రాసిందో విను: ‘బస్సు తిరిగే చోటును వాలు అంటారు. అక్కడ మనుషులకు వాంతి వస్తుంది.’

హవ్వా మేడమ్ ఆ కాగితాలన్నీ నా ముందు పెట్టి, ‘వీటిలో సరళంగా ఉన్న రేఖ ఏదో మీరే చూపించండి’ అంది. నేల చీలితే లోపలికి పోదామనిపించింది. కొండే ఎరగని పిల్లలకు పైకి ఎక్కడం ఎక్కడ కనిపిస్తుంది? వాళ్ళకు కనిపించింది తిరగడమే. సరళరేఖ పాఠానికి ఘాట్ రోడ్డు తెచ్చి పెట్టాను నేను! తప్పు వీడియోది కాదు, పిల్లలది అసలే కాదు. నాకు ఇంటి మీద బెంగ పుట్టి, ఆ బెంగతో ఏరుకున్నాను పాఠాన్ని.

మునిరత్నం సార్ ఈ సంగతి విని గోడకు చేరగిలబడి నవ్వినాడు. ‘ఏందమ్మా, పిల్లోల్లకి పాఠం సెప్పినావా, దర్శనానికి తీసకపోయినావా? మెట్లదారి సూపించినా అడ్డమింత, నిలువింత అని లెక్కకొచ్చేది కదమ్మా!’ అన్నాడు. నాకు కోపం వచ్చి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే పులిహోర తెచ్చి బల్ల మీద పెట్టి, ‘తినమ్మా, నేనూ మొదటేడు ఈడ మామిడితోట లెక్కలే సెప్పినా. ఒక్కరికీ ఎక్కల్యా’ అన్నాడు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది. కానీ షిఫా మొహం చూస్తే నవ్వు ఉండేది కాదు. అది నా దగ్గరికి రావడం మానేసింది. రాయగలరని చెప్పినదాన్ని నేనే కదా.

ఆ దిగులులో నువ్వే గుర్తొచ్చావు. మన ఇంటి ముందు ముగ్గు చుక్కలు పెట్టి నాకు గ్రాఫు నేర్పినదానివి. ‘రెండు సుక్కలు పక్కకి పో, ఒక సుక్క పైకెక్కు. మళ్ళా రెండు పక్కకి, ఒకటి పైకి. ఇప్పుడు కలుపు’ అనేదానివి. కలిపితే గీత తిన్నగా వచ్చేది, ఒక్క చుక్క కూడా తప్పేది కాదు. నాకు రోజూ కనిపించే దాంట్లోనే చూపించావు నువ్వు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నాకు ఒకటే చెప్పావు: ‘నువ్వేం సూసినావో సెప్పొద్దు. ఆ పిల్లోల్లు ఏం సూసినారో ముందది అడుగు.’ అప్పుడు తల ఊపి, ఇక్కడికి వచ్చి మరిచిపోయాను.

ఇక జరిగింది చెబుతాను. కూరగాయల పడవ వచ్చే రోజు నేను సంచి పట్టుకుని రేవుకు పోతాను. గట్టు మీద నుంచి పడవలోకి ఒక చెక్కపలక వేసి ఉంటుంది, దాని మీద నడిచి పోవాలి. నాకు అదంటే ప్రాణభయం. ఎప్పుడు చూసినా ఆ పిల్లల్లో ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని దాటిస్తారు, దాటించి వెనక తిరిగి నవ్వుకుంటారు. ఆ రోజు షిఫా ఉంది. నేను పలక ముందు నిలబడి గోవిందా అనుకుంటుంటే, ‘మిస్, ఇప్పుడు సముద్రం పోటు మీద ఉంది కాబట్టి పైకెక్కాలి. భయమైతే కొంచెం ఆగి రండి, పలక చదునుగా ఉంటుంది. ఇంకా ఆలస్యం చేస్తే కిందికి దిగాలి’ అంది, మామూలుగా, నాకు వంకాయల ధర చెప్పినట్టు.

నేను అక్కడే నిలబడిపోయాను అక్కా. గట్టు కదలదు. పలక ఈ కొస గట్టు మీద ఎప్పుడూ అదే చోట ఉంటుంది. నీళ్ళు పెరిగితే పడవ లేస్తుంది, పలక పైకి ఎక్కుతుంది. నీళ్ళు తగ్గితే పడవ దిగుతుంది, పలక కిందికి వాలుతుంది. నడుమ ఒక వేళ చదునుగా ఉంటుంది. ధన వాలు, రుణ వాలు, సున్నా వాలు మూడూ ఒకే పలక మీద! పైగా పలక తిన్నగా ఉంటుంది, ఎటూ తిరగదు. అమ్మకు అర్థమయ్యేలా చెప్పు: పక్కకి ఒక అడుగు వేస్తే పైకి ఎంత లేస్తామో, అదే వాలు. ఇంత తెలిసిన పిల్లలకు నేను బస్సు మలుపులు చూపించాను.

తర్వాత రోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిల్లలే ఒకే చోట నిలబడి ఆ పలకను ఫోటోలు తీశారు. బోర్డు మీద నీలాగే చుక్కలు పెట్టి, గట్టు అంచును నిలువు గీతగా గీశాను. ఒక్కో ఫోటో చూసి వాళ్ళే పలకను చుక్కల మీద పరిచారు. పక్కకి ఎన్ని, పైకి ఎన్ని అని వాళ్ళే లెక్కపెట్టారు. ‘పలకను నిట్టనిలువుగా నిలబెడితే వాలు ఎంత?’ అని అడిగాను. షిఫా చాలా రోజుల తర్వాత తరగతిలో నోరు విప్పింది. ‘పక్కకి ఒక్క అడుగు కూడా లేదు కదా మిస్, దేనితో భాగిస్తాం? దాని మీద ఎవరూ నడవలేరు’ అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు మళ్ళీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టాను, ఈసారి బుద్ధిగా. అంకె మారిస్తే గీత కదిలే వెబ్‌సైటును మళ్ళీ తీసుకున్నాను. పలక తెలిసిన పిల్లలకు అది చెప్పకుండానే తెలిసిపోయింది. ఒక అంకె మారిస్తే పడవ లేస్తుంది, ఇంకో అంకె మారిస్తే గట్టే లేస్తుంది అని వాళ్ళే అరిచారు. నెట్ రాని రోజుకు స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకున్నాను. ఆ వేగం మాస్టారి వీడియోల్లో ఒకటి ఉంచాను, రెండు బిందువుల నుంచి వాలు కనుక్కునేది. గొంతు తీసేసి, ఆయన చెయ్యి రాస్తుంటే నేను నిదానంగా చెప్పాను. పుస్తకంలో మంచు పేజీ వదిలేసి, లెక్కలు మాత్రం ఉంచాను, అవి మంచి లెక్కలు. చదవడానికి పలక మీద నేనే ఒక పేజీ రాశాను. ఇంగ్లీషు ఆ పిల్లలకూ నాకూ పరాయి భాషే కాబట్టి చిన్న చిన్న మాటలతో రాశాను. దేన్నైనా తరగతికి ఇచ్చేముందు ఇద్దరు ముగ్గురు పిల్లలకు చూపించి, ఏం అర్థమైందో వాళ్ళ నోటితో చెప్పించుకున్నాను. బాగుందా అని అడగలేదు. ఘాట్ రోడ్డు కూడా బాగుందనే అన్నారు కదా.

నెలాఖరులో హవ్వా మేడమ్ అసలు పరీక్ష పెట్టింది. పిల్లలు రాస్తుంటే నేను వరండాలో తిరుగుతూ విష్ణుసహస్రనామం మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదటికి వచ్చి, అలా ఎన్నిసార్లు తిరిగానో. రెండు రోజుల తర్వాత ఆవిడ నన్ను గదికి పిలిచింది. కాగితాల కట్ట బల్ల మీద ఉంది. ‘ముగ్గురు నలుగురు తప్ప అందరూ నిలబడ్డారు. ఆ ముగ్గురు నలుగురిని కూడా లాగొచ్చు’ అంది. షిఫా కాగితం పైనే ఉంది. గీతలన్నీ తిన్నగా, స్కేలు పెట్టి గీసినవి. నేను అక్కడే ఏడ్చేశాను, సిగ్గు కూడా వేయలేదు.

ఆవిడ నాకు మంచినీళ్ళ గ్లాసు జరిపి అంది: ‘వీళ్ళను పెద్ద పరీక్షకు పంపడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పరీక్షకు ఇంకా రెండేళ్ళుంది. ఈ దీవికి వచ్చే లెక్కల టీచరు ఎవరూ ఏడాది మించి ఉండరు. మధ్యలో మీరు పోయి, కొత్తవాళ్ళు వచ్చేదాకా ఖాళీగా ఉంటే ఈ పిల్లలు పెద్ద పరీక్షలో తప్పుతారు. తప్పితే చిన్నది కూడా చేతిలో ఉండదు. ఉంటానంటే పంపుతాను. పోయేదుంటే ఇప్పుడే చెప్పండి, చిన్నదానికే రాయిస్తాను. తప్పుపట్టను.’

అక్కా, ఏడాదికల్లా వచ్చేస్తానని అమ్మ చేతిలో చెయ్యి వేసి చెప్పి వచ్చాను. వేసవికి చిత్తూరు బళ్ళో నా కోసం ఉద్యోగం మాట్లాడి పెట్టావు నువ్వు. అదంతా నాకు గుర్తుంది. ఆవిడ గదిలోంచి బయటికి వస్తే పిల్లలు వరండాలో నిలబడి ఉన్నారు. పరీక్ష సంగతి అడగలేదు వాళ్ళు. షిఫా ఒక్క మాటే అడిగింది: ‘మిస్, మీరు కూడా వెళ్ళిపోతారా?’ పాసయ్యామా అని కాదు, వెళ్ళిపోతారా అని. మళ్ళీ లోపలికి పోయి, ఆ పరీక్ష అయ్యేదాకా ఉంటానని సంతకం పెట్టాను.

నిన్ను అడిగి పెట్టలేదు. అడిగితే నువ్వు ఉండమనే అంటావు, కానీ ఆ మాట చెప్పేముందు నీ గొంతు ఒక్క క్షణం ఆగుతుంది, అది వింటే నేను పెట్టలేను. అందుకే ముందు పెట్టి తర్వాత రాస్తున్నాను. వేసవి సెలవుల్లో కొన్నాళ్ళు వచ్చి మీ అందరినీ చూసి పోతాను, ఉండటానికి మాత్రం రాలేను. అమ్మకు ఈ భాగం చదివేటప్పుడు పక్కన చిన్నిని కూర్చోబెట్టు. అది ఉంటే అమ్మ ఎక్కువ ఏడవదు. చిత్తూరు బళ్ళో ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పు, ఆశపెట్టి ఆపొద్దు.

మునిరత్నం సార్ తిరిగి వచ్చేటప్పుడు రాగిపిండి, ఊరిబిండి, కరివేపాకు పొడి, మామిడి తాండ్ర ఇచ్చి పంపు. బావకు చెప్పి నాలుగు గ్రాఫు పుస్తకాలు కూడా తెప్పించి పంపు, ఇక్కడివి గీతలు సరిగ్గా కనిపించవు. నా గురించి బెంగపడొద్దు. ఆరోగ్యం బాగుంది, తిండి బాగుంది, మనుషులు మంచివాళ్ళు. ఇంటి మీద నా బెంగ తగ్గిందని మాత్రం రాయలేను. తగ్గలేదు. తగ్గకుండానే ఇక్కడ ఉంటాను.

అమ్మకు సాష్టాంగ నమస్కారాలు. బావకు నమస్కారాలు, చిన్నికి ముద్దులు. మామయ్య, అత్తయ్య వచ్చినప్పుడు వాళ్ళ కాళ్ళకు నా తరఫున నువ్వు మొక్కు. మీరంతా నన్ను దీవించేటప్పుడు ఒంటరిగా నా పేరొక్కటే అనొద్దు, ఆ తొమ్మిదో తరగతి పిల్లలను కూడా కలిపి దీవించండి. ఇక వాళ్ళూ నేనూ ఒక లెక్కే.

నీ చెల్లెలు,
వాణి